మిర్చి యార్డులో నాన్నగారి సంతకం, దుబాయ్‌లో నా ఆఫీసు: రెండూ కుదిరే దారి ఉందా?

లాలాపేట_రెండోవాడు
గుంటూరులో మాది ఎండుమిర్చి వ్యాపారం. తాతగారి హయాంలో కమీషన్ కొట్టు. నాన్నగారూ, బాబాయీ కలిసి దాన్ని ఎగుమతుల్లోకి దింపారు. భాగస్వామ్య సంస్థ, ఇద్దరికీ చెరి సగం. తేజ రకం మిర్చి చైనాకి వెళ్తుంది, 334 రకం శ్రీలంక, మలేషియాలకి, బంగ్లాదేశ్‌కి ఆ సీజన్లో ఏది అడిగితే అది.

నేను బెంగళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చి ఇందులో పడ్డాను. మెయిళ్లు, కంటైనర్ బుకింగులు, స్పైసెస్ బోర్డు కాగితాలు, బయ్యర్లతో బేరాలు అన్నీ నేనే చూస్తాను. అక్క లెక్కలు చూసుకుంటుంది. చెక్కు మీద సంతకం మాత్రం నాన్నగారిదో బాబాయిదో పడాలి. ఇద్దరికీ 70 దాటింది.

ఇప్పుడు నాకు దుబాయ్‌లో ఒక ఆఫీసు పెట్టాలని ఉంది. గల్ఫ్ దేశాలకీ, అక్కడి నుంచి ఆఫ్రికాకీ మా సొంత బ్రాండు కారం అమ్మొచ్చు. నాన్నగారు వినరు. "ఇక్కడ కాయ చూసేవాడు లేడు, అక్కడ కుర్చీ వేసుకుని ఏం చేస్తావురా" అంటారు. ఈలోగా బాబాయి కొడుకు ఆస్ట్రేలియాలో ఎంబీఏ చేసి దిగాడు, దుబాయ్ వెళ్తే తనే వెళ్తాడట. నిన్న మలేషియా బయ్యరుకి రేటు చెప్తే "సరే, ఒకసారి మీ నాన్నగారిని అడిగి ఖాయం చెయ్యండి" అన్నాడు. రోజూ మాట్లాడేది నాతోనే! ఒళ్లు మండింది.

గొడవ లేకుండా పగ్గాలు చేతికి రావాలంటే ఏం చేయాలి? దుబాయ్ ఆలోచన తప్పా?

పట్నంబజారు_పిడుగు
పగ్గాలదాకా ఎందుకు గురూ, మా ఇంట్లో టీవీ రిమోటే చేతికి రాదు.

గవర్నర్‌పేట_ఆడిటర్
దుబాయ్ సంగతి తర్వాత. ముందు మీ పార్ట్‌నర్‌షిప్ డీడ్ బయటకు తీసి చదవండి. తాతగారి కాలం నాటి స్టాంపు కాగితం మీదే ఇంకా నడుస్తుంటే మీకున్న ప్రమాదం ఇది: 1932 భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, ఒక భాగస్వామి పోతే సంస్థే రద్దయిపోతుంది. మీ ఇద్దరు పెద్దల్లో ఎవరికేమైనా అయిన రోజున బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. కంటైనర్ చెన్నై పోర్టులో ఉంటుంది, పేపర్లు బ్యాంకులో ఉంటాయి, సంతకం పెట్టే మనిషి ఉండడు. విజయవాడ వన్ టౌన్‌లో నా క్లయింటు ఒకాయనకి అచ్చంగా ఇదే జరిగింది. దినకర్మలు కాకముందే బ్యాంకు చుట్టూ తిరిగారు పాపం.

ఇంకోటి. కొడుకైనంత మాత్రాన భాగస్వామి అయిపోరు. నాన్నగారి వాటా విలువ వారసులకి వస్తుంది కానీ ఆయన స్థానం రాదు, దానికి మిగతా భాగస్వాములు ఒప్పుకోవాలి. అంటే రేపు మీరు బాబాయి దయ మీద ఉంటారు. ఆయన కొడుకు పరిస్థితీ అంతే, మీ నాన్నగారి దయ మీద.

విదేశంలో కంపెనీ పెట్టాలంటే 2022 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనలు చూడాలి. సంస్థ పేరున పెట్టుబడి పెట్టాలంటే అది రిజిస్టర్ అయిన భాగస్వామ్యమో, ఎల్ఎల్‌పీయో (భాగస్వాముల బాధ్యతకి హద్దు ఉండే సంస్థ), కంపెనీయో అయి ఉండాలి. మీది రిజిస్టర్ అయిందా? గుంటూరులో సగం కొట్లు కావు.

లాలాపేట_రెండోవాడు
రిజిస్ట్రేషన్ ఉందో లేదో బాబాయిని అడగాలి. బీరువా తాళం ఆయన దగ్గరే.

పట్నంబజారు_పిడుగు
రిమోట్ అక్కడుందన్నమాట.

జెబెల్అలీ_గుంటూరోడు
మాది కొత్తపేట, దుబాయ్‌లో సరుకుల వ్యాపారంలో ఉన్నాను. ఫ్రీజోన్ (కంపెనీలకి ప్రత్యేక నిబంధనలుండే ప్రాంతం) లైసెన్సు ఎవరైనా ఇస్తారు, డబ్బు కడితే చాలు. కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన బేరం రాదు. ఇక్కడి దేరా బజారులో మసాలా దినుసుల హోల్‌సేలర్లు తరాల నుంచి ఉన్నారు. వాళ్లు నిన్ను అడిగే మొదటి ప్రశ్న "అరువు ఎన్ని రోజులు". 90 రోజులంటావా, కూర్చోబెట్టి టీ ఇస్తారు. నగదు అంటావా, టీ కూడా రాదు.

పన్ను లేదనుకుని వచ్చే వాళ్లకి ఒక మాట. 2023 జూన్ నుంచి ఇక్కడ కార్పొరేట్ పన్ను 9 శాతం, 3.75 లక్షల దిర్హాముల పైన లాభానికి. ఫ్రీజోన్‌లో మినహాయింపుకి షరతులున్నాయి. ఇక 2022 మే నుంచి మన దేశానికీ యూఏఈకీ సెపా అనే వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది, గుంటూరు నుంచి నేరుగా పంపుకున్నా నడుస్తుంది. ఆఫీసు పెట్టాలంటే ఇక్కడ సరుకు దించి, చిన్న చిన్న లాట్లుగా అమ్మే ఆలోచన ఉండాలి. అది లేకపోతే అద్దె కట్టడానికే ఆఫీసు.

తేజ_ఎస్17
మీ మొదటి పోస్టు రెండుసార్లు చదివాను. మెయిళ్లు మీవి, బుకింగ్ మీది, బయ్యర్లు మీవారు. కొనుగోలు ఎవరిది? ఆ మాటే లేదు.

నేను యార్డులోనే పుట్టి పెరిగినవాణ్ణి. మిర్చిలో అమ్మేవాడు యజమాని కాడు, కొనేవాడు యజమాని. బస్తా మీద అందరూ "తేజ డీలక్స్" అనే రాస్తారు. లోపల ఏముందో తెలిసినవాడికే డబ్బు మిగులుతుంది. మా నాన్న టిక్కీ (మిర్చి బస్తా) అంచున ఉన్న కాయ ముట్టుకోడు. మధ్యలోకి చెయ్యి దూర్చి గుప్పెడు లాగుతాడు. ఒకటి చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు, గింజ గలగలమనాలి. మెత్తగా వంగితే నీళ్లు కొట్టిన సరుకు. కాయ విరిగి బరువు పోకుండా కల్లంలోనే తడుపుతారు కదా, అదన్నమాట. తర్వాత తొడిమ దగ్గర గోటితో చీలుస్తాడు. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో లోపల తెల్లటి బూజు అక్కడే ఉంటుంది. అఫ్లటాక్సిన్ అనే విషం వచ్చేది బూజు నుంచే. యూరప్ వాళ్ల పరిమితి బీ1 అయితే కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం మీద 10. ఒక్క తడి లాటు కలిసినా కంటైనర్ వెనక్కి.

మలేషియా బయ్యరు "నాన్నగారిని అడగండి" అన్నది మిమ్మల్ని చిన్నచూపు చూసి కాదు. రేటు చెప్పినవాడికి ఆ రేటులో వచ్చే కాయ ఏదో తెలుసా అని ఆయన అనుమానం. మీరు రోజూ పొద్దున్నే యార్డుకి వెళ్తున్నారా?

లాలాపేట_రెండోవాడు
అప్పుడప్పుడు. పొద్దున పూటే చైనా, మలేషియా ఫోన్లుంటాయి, వాళ్ల టైమ్ మనకంటే ముందు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్నగారు ఎక్కువ నడవలేరు, అక్క తీసుకెళ్తుంది.

బ్రాడీపేట_4_14
తేజ గారు చెప్పింది బాగుంది కానీ అంత భావుకత అక్కర్లేదు. కాయ చూడ్డానికి ల్యాబులున్నాయి. కారం ఘాటు, రంగు, తేమ అన్నీ అంకెల్లో వస్తాయి. వారసత్వానికి కావాల్సింది పద్ధతి. డాక్టర్ రెడ్డీస్ చూడండి. అంజిరెడ్డి గారుండగానే అల్లుడూ కొడుకూ ఇద్దరూ బాధ్యతల్లో ఉన్నారు, 2001లో న్యూయార్క్ ఎక్స్చేంజీలో లిస్ట్ అయ్యారు, ఆయన 2013లో పోయాక కంపెనీ ఆగలేదు. అపోలోలో నలుగురు కూతుళ్లు. జీఎంఆర్ వాళ్లు కుటుంబ రాజ్యాంగమే రాసుకున్నారు. ఎవరు వ్యాపారంలోకి రావచ్చు, ఏ అర్హతతో, ఏ వయసులో దిగిపోవాలి, అన్నీ కాగితం మీద.

ఆటోనగర్_స్పానర్
మాస్టారూ, మిరపకాయ కొట్టుకి జీఎంఆర్ రాజ్యాంగమా. రాజ్యాంగం రాయడానికి లాయరు అడిగే ఫీజులో రెండు లారీల కాయ వస్తుంది.

బ్రాడీపేట_4_14
నవ్వండి. అంబానీ అన్నదమ్ములు అంత కంపెనీ పెట్టుకుని 2005లో విడిపోయారు, కారణం 2002లో తండ్రి వీలునామా లేకుండా పోవడం. ఒక కాగితం ఉంటే ఆ రచ్చ ఉండేది కాదు.

ఆటోనగర్_స్పానర్
కాగితం ఉన్నా రచ్చ ఉంటుంది. మా నాన్న చక్కగా వీలునామా రాశాడు. షెడ్డు అన్నకి, యంత్రాలు నాకు. యంత్రాలు షెడ్డులో ఉన్నాయి.

పట్నంబజారు_పిడుగు
😂 అన్నా ఇది కొట్టలేం.

పెద్దకోడలు_బెజవాడ
మాది విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం. మా అత్తగారు మొదలుపెట్టారు, అమెరికా ఆర్డర్లు నేను చూస్తాను. రెండోవాడు గారి సమస్య మా ఇంట్లో ఇంకో రూపంలో ఉండేది. వంటకం మా అత్తగారి చేతిలో, గుప్పెట్లలో. "ఉప్పు ఎంత అత్తయ్యా" అంటే "చూస్తే తెలుస్తుంది" అనేవారు. ఆవిడ పడుకుంటే ఆవకాయ ఆగిపోయేది.

మార్పు తెచ్చింది మేము కాదు, అమెరికా ఎఫ్‌డీఏ, అంటే అక్కడి ఆహార నియంత్రణ సంస్థ. అక్కడికి పంపాలంటే మన యూనిట్ నమోదు కావాలి, దాన్ని రెండేళ్లకోసారి, సరి సంవత్సరం అక్టోబరు, డిసెంబరు మధ్య తిరగరాయాలి. అక్కడ ఒక ఏజెంటు ఉండాలి. పుల్లటి పచ్చడికి పీహెచ్ (పులుపు కొలత) 4.6 దాటకూడదు, ఎలా చేస్తారో ప్రతి అంచె రాసి పెట్టుకోవాలి. మా ఎవరి మాటా వినని అత్తగారు "వాళ్లు కాగితం అడిగారు" అనగానే తక్కెడ ముందు కూర్చున్నారు. ఆవిడ గుప్పెడు వేస్తుంటే నేను గిన్నె కింద తూకం పెట్టాను. గోంగూర నాలుగు వాయలు, నాలుగింటికీ ఉప్పు తేడా! ఏది సరైనదని అడిగితే "నాలుగూ" అన్నారు. ల్యాబు వాళ్లు రెండింటిని ఒప్పుకున్నారు, ఆవిడ మూడో వాయ కోసం ఇప్పటికీ ల్యాబుని తిడతారు. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నుంచి వంటింటి తాళం నా దగ్గరే. కుర్చీ దిగమని ఎవరూ అడగలేదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. రెండోవాడు గారూ, మీ అక్క గురించి మీరు రాసింది "లెక్కలు చూసుకుంటుంది", తర్వాత "తీసుకెళ్తుంది". రోజూ నాన్నగారితో యార్డులో ఉండేది ఆవిడ, లెక్క తెలిసింది ఆవిడకి. తేజ గారు అడిగిన "కొనుగోలు ఎవరిది" అన్న ప్రశ్నకి జవాబు మీ ఇంట్లోనే ఉన్నట్టుంది.

తేజ_ఎస్17
నేను కూడా అదే టైపు చేస్తున్నాను. ఈ మధ్య యార్డులో ఒకావిడ తండ్రి పక్కన నిలబడి కాయ చీల్చి చూస్తుంటారు. ఎవరో పేరు చెప్పను. తాలు శాతం నోటితో చెప్తే గుమస్తాలు మారుమాట్లాడరు.

లాలాపేట_రెండోవాడు
అక్క నాన్నగారికి సాయంగా వెళ్తుంది అంతే. పెళ్లైంది, బావగారిది బ్యాంకు ఉద్యోగం, ఎప్పుడు బదిలీ అవుతుందో తెలీదు. అక్క కూడా తనకి ఈ వ్యాపారం కావాలని ఎప్పుడూ అనలేదు.

పెద్దకోడలు_బెజవాడ
అడిగారా?

ఆటోనగర్_స్పానర్
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

రిటైర్డ్_గుమస్తా
పిల్లలు మాట్లాడుతుంటే వింటున్నాను. జీవితమంతా మిర్చి కొట్లలో పద్దులు రాసినవాణ్ణి. పెద్దాయన్ని కుర్చీ వదలనివాడిగా చూస్తున్నారు మీరంతా. ఆయన వైపు నుంచి ఒక్కసారి చూడండి.

భాగస్వామ్య సంస్థలో బాకీకి హద్దు లేదు. రేపు దుబాయ్‌లో ఈ అబ్బాయి 90 రోజుల అరువు ఇచ్చి, అవతలివాడు చేతులెత్తేస్తే, ఇక్కడ రైతుకి కట్టాల్సింది పెద్దాయన ఇంటి మీదకి వస్తుంది. రైతు మెయిలు పంపడు. కొట్టు ముందుకొచ్చి కూర్చుంటాడు. ఒక కొట్టు ఐపీ పెడితే ఊరంతా ఎలా ఉంటుందో చూసినవాళ్లం.

2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు కారంలో సుడాన్ అనే నిషేధిత రంగు దొరికింది. ఎవడో చేసినదానికి అందరి సరుకూ అనుమానంలో పడింది. పరీక్ష లేకుండా మిర్చి కదలకూడదని స్పైసెస్ బోర్డు నిబంధన పెట్టింది అప్పుడే. 2022లో శ్రీలంక దగ్గర డాలర్లు లేవు, సరుకు తీసుకున్నవాడు మంచివాడే, వాడి బ్యాంకు దగ్గర డబ్బు లేదు. 2025 మొదట్లో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. అంతకుముందు ఏసీల్లో (శీతల గిడ్డంగుల్లో) పెట్టి ఎదురుచూసినవాళ్లు మునిగారు. ఇవన్నీ దాటొచ్చిన మనిషి "కాయ చూసేవాడు లేడు" అంటున్నాడంటే, అది సాకు కాదు. ఆయన భయం.

అల్లుడు బదిలీ అవుతాడన్న మాట కూడా సరికాదు. అల్లుడు ఎక్కడికి బదిలీ అయితే మీ అక్క అక్కడికి వెళ్లాలని ఎవరు రాశారు?

బ్రాడీపేట_4_14
చివరి లైనుకి వంద లైకులు. మిగతాదానికి ఒప్పుకోను. భయం ఉంటే హద్దు పెట్టుకోవాలి. ఎల్ఎల్‌పీ చట్టం 2008లోనే వచ్చింది. సంస్థని మార్చుకుంటే ఇంటి మీదకి రాదు కదా?

గవర్నర్‌పేట_ఆడిటర్
చాలావరకు రాదు. కానీ బ్యాంకు వాళ్లు ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతికి ముందు ఇచ్చే అప్పు) ఇచ్చేటప్పుడు వ్యక్తిగత హామీ, ఇంటి కాగితాలు ఎలాగూ అడుగుతారు. అక్కడ ఎల్ఎల్‌పీ గొడుగు పనిచేయదు. పాన్ మారుతుంది, ఐఈసీ (ఎగుమతిదారు కోడు), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, జీఎస్టీ అన్నీ కొత్తగా. సీజన్ మధ్యలో చేయొద్దు, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు మొదలుపెట్టండి.

అక్క విషయంలో చట్టం సంగతి అడుగుతారేమో, ముందే చెప్తున్నా. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి హక్కు 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతా 2005లో. తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయితే భాగస్వామ్యంలో వాటా ఉమ్మడి ఆస్తా, నాన్నగారి సొంతమా అన్నది వేరే చర్చ. ఇక్కడ పెట్టకండి, ఎవరి దగ్గరికైనా కాగితాలతో వెళ్లండి.

పట్నంబజారు_పిడుగు
అంటే మీ దగ్గరికే.

గవర్నర్‌పేట_ఆడిటర్
నేను గుంటూరు క్లయింట్లని తీసుకోను. బేరం ఎక్కువ.

లాలాపేట_రెండోవాడు
రాత్రి అన్నం దగ్గర అక్కని అడిగాను. "నువ్వు దుబాయ్ వెళ్తే యార్డు నేను చూసుకుంటానని నాన్నకి ఎప్పుడో చెప్పాను, నీకు చెప్పలేదా" అంది. నాన్నగారు నాకు చెప్పలేదు. ఆయన్ని అడిగితే "నువ్వు అడగలేదుగా" అన్నారు. బాబాయికి కూడా తెలుసట! ఇంట్లో నాకొక్కడికే తెలీదు.

డీడ్ దొరికింది. రిజిస్టర్ అయింది. కానీ భాగస్వామి పోతే ఏమిటన్న క్లాజు లేదు.

ఒకటి మాత్రం మింగుడుపడట్లేదు. కొనుగోలు అక్క చేతికి వెళ్తే, తేజ గారి లెక్కలో యజమాని అక్కే కదా. నేను అమ్మకాల గుమస్తానా?

రిటైర్డ్_గుమస్తా
గుమస్తాని చిన్నచూపు చూడకు నాయనా.

తేజ_ఎస్17
నా మాట అంత పట్టుకోకండి. కానీ అవును, కాయ తెలిసినవాళ్ల మాటే నడుస్తుంది. మీకూ కావాలంటే దారి ఉంది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా పొద్దున పూట యార్డులో ఉండండి. ఫోన్లు తమ్ముడికివ్వండి, ఎంబీఏ చేశాడుగా.

జెబెల్అలీ_గుంటూరోడు
నేను దీనికి అడ్డం చెప్తాను. అందరూ యార్డులో కూర్చుంటే అమ్మేదెవరు? బయటి మార్కెట్ తెలియక గుంటూరు కాయ ఇన్నాళ్లూ బస్తాల్లోనే పోతోంది, పొడి కొట్టి పేరు వేసుకుని లాభం తినేది వేరేవాళ్లు. అక్క కొంటుంది, తమ్ముడు అమ్ముతాడు, ఇందులో పెద్ద చిన్న ఏముంది. బాబాయి కొడుక్కి కారం మిల్లు అప్పగించండి. దుబాయ్‌కి ముందు మనిషి రావాలి, ఆఫీసు తర్వాత. రంజాన్‌కి ముందు రండి, కొనుగోళ్లు అప్పుడే ఎక్కువ. దేరా తిప్పుతా.

ఆటోనగర్_స్పానర్
మరి బాబాయి కొడుకు ఒప్పుకోవాలిగా. ఎంబీఏ చేసినవాడు మిల్లులో తుమ్ముతూ కూర్చుంటాడా?

లాలాపేట_రెండోవాడు
వాడు ఆల్రెడీ దుబాయ్ టికెట్లు చూస్తున్నాడు. ఆదివారం అందరం కూర్చుంటున్నాం, యార్డు సెలవు. ఆడిటర్ గారూ, మొదట రాయించాల్సింది ఏది?

గవర్నర్‌పేట_ఆడిటర్
మరణం క్లాజు. ఆ తర్వాత బ్యాంకులో సంతకం. ఇద్దరు పెద్దలతోపాటు అక్కకీ మీకూ ఒక పరిమితి దాకా ఉమ్మడి అధికారం ఇవ్వమనండి. పెద్దవాళ్లు ఒక్కసారే మొత్తం ఇవ్వరు, మొత్తం అడగొద్దు. భాగస్వాములుగా చేర్చడం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏప్రిల్లో, కొత్త పద్దుల నుంచి. అంతకంటే ఆలస్యం చేయొద్దు, భాగస్వాములు ఇద్దరే ఉంటే ఒకరు పోయాక క్లాజు ఒక్కటే సంస్థని నిలబెట్టదు.

బ్రాడీపేట_4_14
అరువు హద్దు కూడా ఆదివారమే రాసుకోండి. ఒక్కో బయ్యరుకి ఎంత, ఎవరు దాటించవచ్చు.

జెబెల్అలీ_గుంటూరోడు
దానికి ఈసీజీసీ ఉందిగా, ఎగుమతి బాకీలకి బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ. బయ్యరు పేరిస్తే వాళ్లే పరిమితి ఇస్తారు. వాళ్లు సున్నా ఇచ్చినవాడికి నువ్వు అరువిస్తే అది నీ ఖర్మ.

లాలాపేట_రెండోవాడు
ఎల్‌సీ (బయ్యరు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) ఉంటే ఈసీజీసీ ఎందుకని బాబాయి అంటారు.

రిటైర్డ్_గుమస్తా
2022లో శ్రీలంకవి కూడా ఎల్‌సీలే బాబూ. ఎల్‌సీ తెరిచిన బ్యాంకు ఎలాంటిదో చూడాలి. మన బ్యాంకు కన్ఫర్మ్ చేసిందా (తనూ హామీ ఇచ్చిందా) లేదా అడగండి.

గవర్నర్‌పేట_ఆడిటర్
కన్ఫర్మ్ చేస్తే ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చు రేటులో కలుపుకోవాలి. ఈసీజీసీ పాలసీలో ఎల్‌సీ తెరిచిన బ్యాంకు వైఫల్యానికి కవర్ ఉందో లేదో చూసుకోవాలి. పాత పాలసీ కాపీ ఉంటే పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.

లాలాపేట_రెండోవాడు
పాలసీ అక్క దగ్గరుంది. అడిగి పెడతా.